బస్టాపు కార్పొరేషన్‌ది, బస్సు ఆర్టీసీది: నగర బడ్జెట్లు, వాతావరణ హామీలపై మీ ప్రశ్నలు

కాలుష్యం తగ్గిస్తామని తీర్మానాలు చేసే నగరపాలక సంస్థలు రవాణాకు డబ్బు తీయాల్సి వస్తే ఎందుకు తప్పుకుంటాయి? ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఇదే. ఒకే తీరుగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: విశాఖకు వాతావరణం విషయంలో నాలుగు నక్షత్రాలు ఇచ్చారని చదివాను. మా కాలనీకి మాత్రం బస్సు లేదు. కౌన్సిల్ తీర్మానం చేస్తే బస్సులు పెంచలేరా?
– పాఠకురాలు, విశాఖపట్నం

ఆ నక్షత్రాలు 2021లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ ఇచ్చినవి. విజయవాడకూ నాలుగే వచ్చాయి. అయిదు రంగాల్లో 28 అంశాలు చూసి మార్కులు వేశారు. కమిటీ వేశారా, ప్రణాళిక రాశారా, అమలు ఎక్కడిదాకా వచ్చింది అని మెట్లుమెట్లుగా లెక్కించే పద్ధతి అది. కాగితం పని బాగా చేసిన నగరానికి అందులో మంచి మార్కులే వస్తాయి. మీ కాలనీకి బస్సు వస్తుందా రాదా అన్నది ఆ లెక్కలో చిన్న భాగం మాత్రమే.

ఇక కౌన్సిల్ అధికారం సంగతి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో నగరపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి. రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగు స్థలాలు, బస్టాపులు, పర్యావరణ పరిరక్షణ అందులోవే. బస్సులు నడపడం లేదు. అహ్మదాబాద్‌లో సిటీ బస్సులు కార్పొరేషన్‌వే, ముంబయిలో బస్సులు నడిపే బెస్ట్ సంస్థ కూడా అంతే. మన రెండు రాష్ట్రాల్లో అవి ఆర్టీసీవి. హైదరాబాద్‌లో ఆర్టీసీ నష్టాల్లో కొంత జీహెచ్‌ఎంసీ భరించాలని దశాబ్దం కిందట రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. కొంత సొమ్ము చేరాక, ఖజానా ఖాళీ అంటూ కార్పొరేషన్ చేతులెత్తేసింది.

అంటే ‘బస్సులు పెంచాలి’ అని కౌన్సిల్ చేసే తీర్మానం ఆర్టీసీకి రాసే వినతిపత్రం లాంటిది. కానీ బస్సు ఎంత వేగంగా కదలాలన్నది చాలావరకు కార్పొరేషన్ చేతిలోనే ఉంది. ఒక చిన్న లెక్క చూడండి. వెళ్లి రావడానికి, చివరి స్టాపుల్లో ఆగడానికి కలిపి 100 నిమిషాలు పట్టే రూటులో పది నిమిషాలకో బస్సు కావాలంటే పది బస్సులుండాలి. రెండు మూడు జంక్షన్లు సరిచేసి ఆ సమయాన్ని 80 నిమిషాలకు దించితే అదే సర్వీసుకు ఎనిమిది చాలు. లేదా ఆ పది బస్సులతోనే ఎనిమిది నిమిషాలకొకటి నడపొచ్చు. కొత్తగా ఒక్క బస్సూ కొనకుండా సర్వీసు పెరిగినట్టే.

జంక్షన్ సరిచేయడమంటే ఫ్లైఓవర్ కట్టడం కాదు. ముందుగా, సిగ్నల్‌కు ఇవతల ఉన్న స్టాపును జంక్షన్ దాటించి అవతల పెట్టాలి. ఇవతల ఉంటే జనం ఎక్కేలోగా పచ్చలైటు పోతుంది. ఎడమకు తిరిగే బళ్లన్నీ బస్సు వెనక ఇరుక్కుంటాయి. తర్వాత, స్టాపు దగ్గర రెండు బస్సులు పట్టేంత జాగా, వచ్చి చేరే వంపుతో కలిపి సుమారు 40 మీటర్లు, ఖాళీగా ఉంచాలి. ఆటోలూ తోపుడుబళ్లూ నిలిచిపోతే బస్సు నడిరోడ్డు మీదే ఆగుతుంది. ఆటోలను తరిమితే వారంలో తిరిగొస్తాయి కాబట్టి, వాటికి స్టాపు అవతల గీత గీసి చోటు చూపించడమే పద్ధతి. ఫుట్‌పాత్ నడవడానికి కనీసం 1.8 మీటర్లు, ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. మన ఊళ్లలో అడుగున్నర ఎత్తు కట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, జనం రోడ్డు మీద నడుస్తున్నారని వాళ్లనే తిడతారు.

ప్రశ్న: కేంద్రం ఎలక్ట్రిక్ బస్సులు ఇస్తోందంటున్నారు. ఉచితంగానే అయితే మన నగరాలకు ఇబ్బందేమిటి?
– పాఠకుడు, గుంటూరు

బస్సులు ఊరికే రావు. కేంద్రం ఇచ్చేది కిలోమీటరు లెక్కన సాయం. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన పీఎం ఈ-బస్ సేవ కింద దేశవ్యాప్తంగా 10,000 బస్సులు అనుకున్నారు. బస్సు, డ్రైవరు, మరమ్మతులు గుత్తేదారువి. టికెట్ సొమ్ము, కండక్టరు, కరెంటు బిల్లు మన పక్షానివి. కేంద్ర సాయం 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 24 రూపాయలు, 9 మీటర్లదానికి 22, 7 మీటర్లదానికి 20.

ఒక ఊహా లెక్క వేద్దాం. గుత్తేదారు రేటు కిలోమీటరుకు 65 రూపాయలు అనుకోండి. కరెంటు 8, కండక్టరు 8 కలిపితే 81. కేంద్రం 24 పోను 57. టికెట్ల మీద కిలోమీటరుకు 40 వస్తే లోటు 17. రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 73,000. ఒక్కో బస్సుకు లోటు 12.41 లక్షలు, వంద బస్సులకు ఏడాదికి దాదాపు పన్నెండున్నర కోట్లు. కేంద్ర సాయం పదేళ్లే. అది ఆగిన రోజున లోటు 41 రూపాయలవుతుంది, అంటే వంద బస్సులకు ఏటా సుమారు 30 కోట్లు. ప్రారంభోత్సవంలో జెండా ఊపేవాళ్లు ఈ అంకె చెప్పరు. ఆ లోటు ఎవరి పద్దులో పడుతుందో, ఆర్టీసీదా, రాష్ట్రానిదా, కార్పొరేషన్‌దా, ఒప్పందం మీద సంతకానికి ముందే తేలాలి.

ఇలాంటి ఒప్పందాల్లో దెబ్బతినేది ప్రధానంగా రెండు చోట్ల. ఒకటి, రోజుకు ఇన్ని నడిపిస్తామని గుత్తేదారుకు హామీ ఇచ్చిన కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో బస్సు గంటకు 12 కిలోమీటర్లే నడిస్తే 14 గంటల్లో 168 కిలోమీటర్లు, మధ్యలో ఆగే సమయం తీసేస్తే ఇంకా తక్కువ. నడవని కిలోమీటర్లకూ ఒప్పందంలో రాసిన మేరకు చెల్లించాలి. మొదటి జవాబులో చెప్పిన జంక్షన్ పనులకు డబ్బు విలువ కట్టాలంటే ఇక్కడ కట్టండి.

రెండోది డిపో కరెంటు. వంద బస్సులకు ఒక్కోదానికి రోజుకు 200 యూనిట్లు చొప్పున 20,000 యూనిట్లు కావాలి. రాత్రి ఆరు గంటల్లో ఎక్కించాలంటే సుమారు 3.3 మెగావాట్ల లోడు. దానికి 33 కేవీ లైను, సబ్‌స్టేషన్ కావాలి. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)కు దరఖాస్తు, అంచనా, లైను వెళ్లే దారిలో స్తంభాలకు చోటు, ఇవన్నీ బస్సులు వచ్చాక మొదలుపెడితే అవి నెలల తరబడి షెడ్డులో ఎండుతాయి. ఆ విద్యుత్ ఏర్పాట్ల ఖర్చు ఈ పథకంలో కేంద్రమే భరిస్తుంది కాబట్టి ఆలస్యానికి డబ్బు సాకు కాదు. స్థలం చూపడమే అసలు పని, అది స్థానికులు చేయాల్సిందే. డిపోను ఊరి చివర ఇచ్చి చేతులు దులుపుకుంటే, రోజూ ఖాళీగా పోయివచ్చే కిలోమీటర్లకూ 65 చొప్పున కడుతూనే ఉండాలి.

ప్రశ్న: మన కరెంటు ఎక్కువగా బొగ్గుదే కదా. మరి ఎలక్ట్రిక్ బస్సుతో వాతావరణానికి ఒరిగేదేమిటి?
– పాఠకుడు, హైదరాబాద్

అధికారిక ప్రకటనల్లో దొరకని జవాబు కాబట్టి అంకెలతో చెబుతాం. మామూలు డీజిల్ సిటీ బస్సు లీటరుకు సుమారు నాలుగు కిలోమీటర్లు ఇస్తుంది. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలోమీటరుకు 670 గ్రాములన్నమాట. ఏసీ లేని ఎలక్ట్రిక్ బస్సుకు కిలోమీటరుకు యూనిట్ కరెంటు వేసుకోండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 720 గ్రాములు. ఈరోజుకు రెండూ దాదాపు సమానం. ఏసీ బస్సుల్లో మాత్రం ఎలక్ట్రిక్‌దే పైచేయి. డీజిల్ ఏసీ బస్సు లీటరుకు రెండున్నర కిలోమీటర్లే ఇస్తుంది, అంటే 1,080 గ్రాములు. ఎలక్ట్రిక్ ఏసీ బస్సు 1.25 యూనిట్లతో 900 గ్రాముల దగ్గర ఆగుతుంది.

అయినా ఎలక్ట్రిక్ బస్సు కావాలనే అంటాం. స్టాపులో నిలబడ్డవాళ్ల ముక్కులోకి పొగ పోదు. గ్రిడ్‌లో సౌర విద్యుత్ పెరిగినకొద్దీ అదే బస్సు శుభ్రమవుతుంది, డీజిల్ బస్సుకు ఆ యోగం లేదు. మధ్యాహ్నం పూట రద్దీ తగ్గినప్పుడు చివరి స్టాపులో ఛార్జింగ్ పెడితే ఎండ కాసే వేళ కరెంటు వాడుకోవచ్చు. కానీ చాలా డిపోల్లో అంతా రాత్రే ఎక్కిస్తారు. అప్పుడు గ్రిడ్‌లో సౌర విద్యుత్ ఉండదు.

అసలు పొదుపు వేరే చోట ఉంది. ఒక్కరే వెళ్లే స్కూటరు కిలోమీటరుకు సుమారు 50 గ్రాములు వదులుతుంది, కారు 165. యాభై మందితో వెళ్లే డీజిల్ బస్సులో మనిషికి పడేది 13 గ్రాములు. అదే బస్సులో పదిమందే ఉంటే 67, స్కూటరు కంటే ఎక్కువ! నిండా జనంతో వెళ్లే పాత డీజిల్ బస్సు, ఖాళీగా తిరిగే కొత్త ఎలక్ట్రిక్ బస్సు కంటే వాతావరణానికి మేలు చేస్తోంది. కాబట్టి ‘ఎన్ని ఎలక్ట్రిక్ బస్సులు కొన్నారు’ అన్న లెక్క కంటే ‘స్కూటరు దిగి ఎంతమంది బస్సెక్కారు’ అన్న లెక్క ముఖ్యం. పట్టణ వ్యవహారాల శాఖ ప్రమాణం ప్రకారం మంచి సర్వీసంటే లక్ష జనాభాకు 60 బస్సులు. మీ నగర జనాభాను ఆ లెక్కన చూసుకుంటే మనం ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

ప్రశ్న: స్వచ్ఛ గాలి నిధులతో రోడ్లు ఊడ్చే యంత్రాలు, ఫౌంటెన్లు కొంటున్నారు. ఆ డబ్బు బస్సులకో సైకిల్ దారులకో వాడకూడదా?
– పాఠకుడు, విజయవాడ

వాడొచ్చు. వాడకపోవడానికి కారణం నిధుల రూపంలోనే ఉంది. జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 13 నగరాలు, తెలంగాణలో హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు ఇందులో ఉన్నాయి. విజయవాడ, విశాఖ, హైదరాబాద్‌లకు సొమ్ము 15వ ఆర్థిక సంఘం గ్రాంటుగా వచ్చింది. ఫలితాన్ని కొలిచింది పీఎం 10తో, అంటే ముతక ధూళితో. ఊపిరితిత్తుల లోతుకు దిగే పీఎం 2.5తో కాదు. వాహనాల పొగ ఎక్కువగా రెండోదాంట్లో ఉంటుంది. రోడ్డు దుమ్ము మొదటిదాంట్లో. ఏ అంకె చూసి మార్కులు వేస్తారో ఆ అంకె మీదే ఖర్చు పెడతారు. దేశవ్యాప్తంగా ఈ కార్యక్రమం ఖర్చులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందనీ, వాహనాల పొగకు 13 శాతం లోపే దక్కిందనీ 2024లో పర్యావరణ పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్క తేల్చింది.

రెండో కారణం, యంత్రం ఒక టెండరుతో ఆ ఆర్థిక సంవత్సరంలోనే కొనేయొచ్చు. బస్సు నడపడమంటే ఏటా ఖర్చు. ఈ గ్రాంటు వచ్చే ఏడాది వస్తుందో రాదో తెలియని ఇంజినీరు ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు.

ఆ ఊడ్చే యంత్రం కూడా రెండు పక్కలా అంచురాళ్లు ఉన్న రోడ్డు మీదే పనిచేస్తుంది. తారు పక్కన మట్టి అంచు ఉంటే ఉదయం ఊడ్చిన దుమ్ము సాయంత్రానికి తిరిగి రోడ్డెక్కుతుంది. చేయాల్సింది ఆ మట్టిని మూసేయడం. రోడ్డును ఈ చివర నుంచి ఆ చివరకు పేవింగ్ చేయడం ఈ కార్యక్రమం ఒప్పుకున్న పనుల్లోదే. తెలిసిన ఇంజినీర్లు ఆ పద్దు కిందే 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వేయిస్తారు. దుమ్ము తగ్గుతుంది, బస్టాపుకు నడిచే దారీ వస్తుంది. మీ కార్పొరేటర్‌ను అడగాల్సింది ఇదే.

ప్రశ్న: మహిళలకు ఉచిత ప్రయాణం వల్ల కాలుష్యం తగ్గుతుందా?
– పాఠకురాలు, వరంగల్

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉచితం. ఆటోలు మాని బస్సెక్కినవాళ్ల వరకు తగ్గుతుంది. కానీ బస్సులు పెంచకుండా జనాన్ని పెంచితే, ఫుట్‌బోర్డు మీద వేలాడలేక స్కూటరు కొనేవాళ్లూ ఉంటారు. ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని లాభం ఒకటుంది. ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్‌లో ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగుతున్నారో నమోదవుతుంది. ఆ వివరాలు కార్పొరేషన్‌కు అందితే ఏ స్టాపుకు షెల్టరు ముందు కట్టాలో ఊహించే పని ఉండదు.

ప్రశ్న: మేముండే సియాటిల్‌లో రవాణా పన్నుకు ప్రజలే ఓటేస్తారు. మన దగ్గర అలా ఎందుకు లేదు?
– పాఠకుడు, సియాటిల్

2024 నవంబరులో మీ నగర ఓటర్లు ఆమోదించినది ఎనిమిదేళ్లకు 155 కోట్ల డాలర్ల ఆస్తిపన్ను. మన చట్టాల్లో అలాంటి ఓటింగు లేదు. ఆస్తిపన్ను కౌన్సిల్, రాష్ట్ర ప్రభుత్వం మధ్య తేలే విషయం. అయితే మీ ఊరి నుంచి మేం తీసుకోదగ్గది ఆ ఓటు కాదు. అక్కడా బస్సులు నగరానివి కావు, కింగ్ కౌంటీ మెట్రోవి. అయినా 2020లో 0.15 శాతం అమ్మకపు పన్నుకు ఓటర్లు ఒప్పుకున్నాక, ఆ డబ్బుతో నగరం కౌంటీ దగ్గర అదనపు సర్వీసు గంటలు కొంటోంది. నష్టం పంచుకోవడం వేరు, సర్వీసు కొనడం వేరు. ‘ఈ రూటులో ఉదయం ఏడు నుంచి పది దాకా పది నిమిషాలకో బస్సు, దానికి ఇంత’ అని ఒప్పందం రాసుకుంటే కార్పొరేషన్ డబ్బుకు లెక్క ఉంటుంది. ఆర్టీసీ నష్టాల్లో వాటా అనే పాత పద్ధతిలో ఇచ్చిన డబ్బుకు ప్రతిగా ఏ రూటు వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

ప్రశ్న: బడ్జెట్ సమావేశానికి ముందు మా కార్పొరేటర్‌ను ఏం అడగాలి? ఎప్పుడు అడగాలి?
– కాలనీ సంక్షేమ సంఘం సభ్యులు, హైదరాబాద్

ఫిబ్రవరిలో కౌన్సిల్ సమావేశం నాడు అడిగితే ఆలస్యమైపోయినట్టే. జీహెచ్‌ఎంసీ చట్టం ప్రకారం ముసాయిదా నవంబరు 10లోగా స్టాండింగ్ కమిటీ ముందుకు రావాలి. కౌన్సిల్ ఆమోదానికి గడువు ఫిబ్రవరి 20, ప్రభుత్వానికి పంపడానికి మార్చి 7. అంకెలు కదిలేది స్టాండింగ్ కమిటీలోనే, కాబట్టి దసరా వెళ్లగానే వినతిపత్రం ఇవ్వండి. పాలకవర్గం లేక ప్రత్యేకాధికారి పాలన ఉంటే నేరుగా ఆయనకే ఇవ్వండి.

బడ్జెట్ పుస్తకంలో ఈ ఏడాది కేటాయింపు చూసి సంబరపడొద్దు. పక్కనే గడిచిన ఏడాది వాస్తవ వ్యయం, ఈ ఏడాది సవరించిన అంచనా ఉంటాయి. ఫుట్‌పాత్‌లకు పోయినేడు ఎంత రాశారు, ఎంత ఖర్చయింది అన్న తేడాలోనే కార్పొరేషన్ అసలు ఉద్దేశం కనిపిస్తుంది. అప్పుల పేజీ కూడా తిప్పండి. 2018 ఫిబ్రవరిలో జీహెచ్‌ఎంసీ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది ఫ్లైఓవర్ల పథకం కోసం. ఇండోర్ 2023లో గ్రీన్ బాండ్లు, అంటే పర్యావరణ పనులకే వాడాల్సిన అప్పుపత్రాలు అమ్మి, నీటి పంపులకయ్యే కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి సౌర విద్యుత్ కేంద్రానికి డబ్బు సేకరించింది. రెండోదాంట్లో అప్పు తీర్చే దారి ఆ పనిలోనే ఉంది. మొదటిదాంట్లో లేదు.

తెలంగాణలో పురపాలికల బడ్జెట్‌లో పది శాతం హరిత బడ్జెట్‌గా కేటాయించాలని 2019 నాటి పురపాలక చట్టం చెబుతోంది. 2020 సవరణతో జీహెచ్‌ఎంసీకీ అదే వర్తించింది. ఆ డబ్బు నర్సరీలకూ మొక్కలకూ పోతుంది. మొక్కలు వద్దని ఎవరూ అనరు గానీ, బస్టాపుకు వెళ్లే దారిలో, నడిచేవాళ్లకు నీడ పడేలా నాటమని అడగండి. డివైడరు మధ్య నాటితే ఆ నీడ కార్ల మీద పడుతుంది.

ముంబయి కార్పొరేషన్ 2024లో వాతావరణ బడ్జెట్ ప్రచురించింది. ఓస్లో నగరం 2017 నుంచే చేస్తోంది. ప్రతి పద్దు పక్కన అది ఉద్గారాలు పెంచేదా తగ్గించేదా అని గుర్తు పెట్టడమే అందులో తొలి మెట్టు. మీ సర్కిల్‌లో రోడ్డు పనుల జాబితాకు ఆ ఒక్క గడి చేర్చమని అడగడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు, గడువు 30 రోజులు. ‘వాతావరణానికి ఏం చేశారు’ అని రాస్తే కరపత్రం పంపుతారు. ఫలానా ఆర్థిక సంవత్సరంలో, ఫలానా వార్డులో, ఫుట్‌పాత్, బస్ షెల్టరు పద్దుల కింద మంజూరైన పనుల పేర్లు, అంచనా విలువ, చెల్లించిన మొత్తం, చేసిన పనిని కొలిచి రాసే కొలతల పుస్తకం నకలు అని విడివిడిగా అడగండి. సమావేశం రోజున అప్పటికప్పుడు తెచ్చే టేబుల్ ఎజెండాలో ఏ రోడ్డు పనులు ఆమోదించారో కూడా కోరండి. ముందు నోటీసు లేకుండా ఆమోదం పొందే పనులు అక్కడే ఉంటాయి. గడువులో జవాబు రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి, అది మరిచిపోవద్దు.